గుప్పెడు మాంసంతో కుండెడు సూపు



ఇంట్లో తినేవాళ్లు ఏడుగురు. ఆ రోజు కొనగలిగినది పావుకిలో మాంసం. ఏమి వండాలి? ఈ నెల మా శీర్షిక ఆ ప్రశ్న గురించే. పావుకిలో వేపుడు చేస్తే తలకు రెండు ముక్కలు వస్తాయి. పిల్లలకు పెట్టి, ఇంటాయనకు పెట్టి, తల్లి మూకుడు అడుగున మిగిలిన కారంలో అన్నం కలుపుకొని లేస్తుంది. మన సంఘాలలో ఈ సంగతి ఎరుగని ఇల్లు తక్కువ. అదే పావుకిలోను సాసేజ్‌లుగా చేసి, పావుకిలో రాజ్మా గింజలతో సూపు కాస్తే రెండు లీటర్ల పైన వస్తుంది. తల్లితో కలిపి ఏడుగురికీ ఒక్కొక్క గిన్నెడు నిండుగా అందుతుంది.

సాసేజ్ అనగానే ఇది దొరల తిండి, మనకెందుకు అని కొందరు పేజీ తిప్పేస్తారు. తిప్పకండి. ఆ మాట లాటిను నుంచి వచ్చింది, దానికి మూలార్థం ‘ఉప్పు వేసినది’ అని. మన ఉప్పుకండం మాత్రం మరేమిటి? తెలంగాణలో ఒట్టి తునకలంటారు. మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ రాసి, దండెం మీద ఎండబెట్టి దాచుకొంటారు. మాంసం దొరకని రోజున నాలుగు తునకలు చిక్కుడు గింజల్లోనో దోసకాయలోనో వేస్తే కుండంతా ఆ రుచి పట్టుకొంటుంది. మా ఉత్తరాంధ్రలో చిక్కుడుకాయలో ఎండు రొయ్యలు వేసేదీ ఇందుకే. మాంసాన్ని కూరగా గాక రుచిగా వాడుకోవడం లేనివాళ్లు కనిపెట్టిన విద్య. ఫ్రాన్సులో కాసూలే అని తెల్ల చిక్కుడు గింజలూ సాసేజ్‌లూ కలిపి మట్టిపాత్రలో వండుతారు. బ్రెజిల్ వాళ్లు నల్ల గింజలతో ఫెజోవాదా చేస్తారు. గోవా క్రైస్తవుల ఇళ్లలో కూడా అదే పేరుతో, అక్కడి పుల్లటి కారపు సాసేజ్‌తో రాజ్మా వండడం పోర్చుగీసు కాలం నుంచి వస్తున్నది.

గింజల సంగతి ముందు చెప్పుకొందాము. ఆదికాండములో ఏశావు తన జ్యేష్ఠత్వాన్ని ఇచ్చివేసింది చిక్కుడుకాయల వంటకానికని మన తెలుగు బైబిలులో ఉన్నది. హెబ్రీ మాటకు అర్థం మాత్రం ఎర్ర కందిపప్పులా ఉండే మసూరు పప్పు. రాజ్మా అయ్యుండే వీలే లేదు. ఎందుకంటే రాజ్మా పుట్టిల్లు అమెరికా ఖండం. 1492లో కొలంబసు ఆ దారి తెరిచాక గాని అది ఇటు రాలేదు. అలా వచ్చిన గింజ ఇప్పుడు మన విశాఖ మన్యంలో బాగా స్థిరపడింది. చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, అరకు వైపు కొండవాలు పొలాల్లో, వానలు తగ్గుముఖం పట్టి చలి మొదలయ్యే రోజులకు పండే పంట అది. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ ఊళ్లు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లినా, గింజలు మాత్రం ఘాటు రోడ్డు దిగి ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. చింతపల్లిలోని వ్యవసాయ పరిశోధన స్థానంలో ఈ పంట మీద పని జరుగుతోంది. మేముండే సీతమ్మధారలో రైతుబజారు చుట్టుపక్కల ఈ గింజ అడిగితే దొరుకుతుంది. ఎర్రవి, తెల్లవి, చారలవి ఉంటాయి. సూపుకు ఏవైనా పనికివస్తాయి. కొనేటప్పుడు అడగవలసినది ఒక్కటే, ఈ ఏటి పంటేనా అని. రెండేళ్లు మూటలో పడివున్న గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు, గ్యాసు దండుగ.

వంద గ్రాముల ఎండు రాజ్మాలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పప్పుగింజల్లో కొరవడినది బియ్యంలో ఉంటుంది, బియ్యంలో కొరవడినది గింజల్లో ఉంటుంది. కాబట్టి ఈ సూపు అన్నంతో తింటే రెండూ ఒకదానికొకటి సాయం.

ఇప్పుడు మేము గట్టిగా చెప్పవలసిన మాట. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది. ఎర్ర గింజలో మరీ ఎక్కువ. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటలలో వికారం, ఆగని వాంతులు, ఆ తర్వాత విరేచనాలు పట్టుకొంటాయి. పొయ్యి ఆర్పి నివురు మీద రాత్రంతా మగ్గబెట్టే అలవాటున్న ఇళ్లవారు జాగ్రత్తగా వినండి. నీళ్లు మరగకుండా సన్నని వేడి మీద ఉంచితే ఈ విషం పోదు సరిగదా, పచ్చి గింజలో కన్నా పెరిగే ప్రమాదం కూడా ఉన్నది. గింజ మెత్తబడినట్టే కనబడుతుంది, అదే మోసం. చేయవలసినది కష్టమేమీ కాదు. ముందురోజు రాత్రి గింజల్ని మూడింతల నీళ్లలో నానబెట్టండి. పొద్దున ఆ నీళ్లు పారబోయండి, వాటిలో వండకూడదు. కొత్త నీళ్లు పోసి, మూత తీసి, కళపెళమని మరిగేలా అరగంట ఉంచండి. తర్వాత మంట తగ్గించుకోండి, నివురు మీద పెట్టుకోండి, మీ ఇష్టం. ప్రెషర్ కుక్కరున్నవారికి చింత లేదు. లోపలి వేడి నూరు డిగ్రీలు దాటుతుంది గనుక నానిన గింజ ఐదారు విజిళ్లకు మెత్తబడుతుంది, విషమూ నిలవదు.

మా ఊళ్లో లాగే ఉప్పుతేలిన బోరు నీళ్లున్న చోట గింజ మొండికేస్తుంది. నానబెట్టేటప్పుడు చిటికెడు వంట సోడా వేస్తే దారికి వస్తుంది. చింతపండు, టొమాటో, వెనిగరు గింజ మెత్తబడక ముందు వేయకండి. పులుపు తగిలితే గింజ బిగుసుకొంటుంది. మన కూరల్లో ‘గింజ ఉడకలేదమ్మా’ అన్న మాట చాలాసార్లు పులుపు తొందరపడి వేసినందువల్లే.

ఇక సాసేజ్. బజారులో ప్యాకెట్టు దొరుకుతుంది. కాని దానిలో ఉప్పెక్కువ, ఐసుపెట్టె లేని పల్లెకు అది చేరేసరికి ఎలా ఉంటుందో చెప్పలేము. ఇంట్లో చేసుకోవడానికి పేగు తొడుగు అక్కరలేదు. పావుకిలో మాంసం కైమా కొట్టించండి. పందిమాంసం గాని మేకమాంసం గాని కోడి గాని సరే, కొవ్వు మాత్రం నాలుగో వంతైనా ఉండాలి. పూర్తిగా కండైతే సాసేజ్ రంపపు పొట్టులా రాలిపోతుంది. దంచిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, ముప్పావు చిన్న చెంచా ఉప్పు, మిరియాల పొడి, కారం, ధనియాల పొడి తలా అర చెంచా, వెనిగరు ఒక చెంచా లేదా అర నిమ్మచెక్క రసం, చల్లని నీళ్లు రెండు చెంచాలు. వీటన్నిటినీ చేతితో చపాతీపిండి పిసికినట్టు ఐదు నిమిషాలు పిసకండి. ఉప్పు తగిలి మాంసం జిగురెక్కుతుంది. ముద్దను అరచేతికి అంటించి చెయ్యి బోర్లించినా జారకుండా ఉంటే అయినట్టు. ఆ జిగురే తొడుగు లేని సాసేజ్‌ను పట్టి ఉంచేది. బొటనవేలంత లావున చుట్టి, చెంచాడు నూనెలో మూతపెట్టి అన్ని పక్కలా ఎర్రగా వేయించండి. విరిచి చూస్తే లోపల గులాబిరంగు కనబడకూడదు.

విదేశాల్లో పచ్చి సాసేజ్‌లను చూరుకు వేలాడదీసి ఆరబెట్టడం సినిమాల్లో చూసి, ఇక్కడా చేద్దామని కొందరు మమ్మల్ని అడిగారు. వద్దు. అది చలిదేశాల్లో, కొలిచి వేసే మందుప్పుతో చేసే పని. సముద్రపు తేమ నిండిన మన గాలిలో ముద్దగా చుట్టిన పచ్చి మాంసం ఆరదు, లోపల కుళ్లుతుంది. ఉప్పుకండం ఎండుతుందంటే అది పలుచని తునక గనుక, ఎండ మండే రోజుల్లో పెడతారు గనుక. బొటులిజం అనే ప్రాణాంతక విషానికి ఆ పేరు వచ్చిందే సాసేజ్ నుంచి. లాటినులో బొటులుస్ అంటే సాసేజ్. కలిపిన కైమాను ఐసుపెట్టె లేనివాళ్లు వెంటనే వండేయాలి, ఉన్నవాళ్లైనా మర్నాటికి మించి దాచకూడదు.

పందిమాంసం వాడేవారికి ఇంకొక మాట. ఇది వంట శీర్షికలో ఎందుకని అనుకోకండి, వంటింట్లోనే ఆపగల జబ్బు ఇది. వీధుల్లో మురికి తిని పెరిగిన పంది కండలో సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లని నీటిబుడగలు కొన్నిసార్లు కనబడతాయి. అవి బద్దెపురుగు పిల్లలు. అలాంటి మాంసం సగానికి సగం తగ్గించి ఇస్తామన్నా కొనకండి. సరిగా ఉడకకుండా తింటే కడుపులో బద్దెపురుగు పెరుగుతుంది. అక్కడితో ఆగదు. ఆ మనిషి మలంలో గుడ్లు పడి, చేతుల ద్వారా, నీళ్ల ద్వారా, పచ్చి కూరల ద్వారా ఇతరుల కడుపులోకి వెళ్లి మెదడుకు చేరితే మూర్ఛలు వస్తాయి. పందిమాంసం జన్మలో ముట్టని వాళ్లకు కూడా రావచ్చును. ఈ పురుగు పాతుకొన్న ప్రాంతాలు చాలావాటిలో మూర్ఛరోగుల్లో సుమారు 30 శాతం మందికి కారణం ఇదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూర్ఛ వచ్చిన బిడ్డను దయ్యం పట్టిందని కూడికల వెంట తిప్పే తల్లిదండ్రులు పల్లెల్లో ఇంకా ఉన్నారు. ప్రార్థన చేయండి, చేయించండి, కాని ఆ వారమే బిడ్డను డాక్టరుకు చూపించండి. తలకు స్కానింగు తీస్తే తెలుస్తుంది, మందులున్నాయి. ఇంట్లో చేయవలసినదల్లా మాంసాన్ని పూర్తిగా ఉడికించడం, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతో చేతులు కడగడం, కొత్తిమీర పచ్చిగా చల్లే ముందు మంచి నీళ్లలో రెండుసార్లు జాడించడం.

సరే, సూపు కాద్దాము. సాసేజ్ వేగిన మూకుడును కడగకండి, రుచంతా దాని అడుగునే ఉన్నది. అదే నూనెలో రెండు పెద్ద ఉల్లిపాయల ముక్కలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు క్యారెట్లు, ఉంటే ఒక బంగాళాదుంప వేసి మగ్గనివ్వండి. గరిటెతో అడుగు గీరుతూ ఉండండి. గింజ మెత్తబడ్డాక, అంతకు ముందు కాదు, మూడు టొమాటోలు తరిగి మూకుట్లో వేసి ముద్దయ్యేదాకా ఉంచండి. ఇదంతా ఉడికిన గింజల కుండలోకి మార్చి, మొత్తం రెండు లీటర్ల పైన ఉండేలా వేడినీళ్లు పోయండి. గుప్పెడు గింజల్ని గరిటె వెనుక భాగంతో కుండ గోడకు అదిమి చిదిమితే సూపు దానంతట అదే చిక్కబడుతుంది. కార్న్‌ఫ్లోరు, మైదా ఏమీ అక్కరలేదు. సాసేజ్‌లను అంగుళం ముక్కలుగా కోసి వేసి మరో ఇరవై నిమిషాలు ఉడకనివ్వండి. ఉప్పు చివరన రుచి చూసి వేయండి, సాసేజ్ నుంచి కొంత దిగి ఉంటుంది. రక్తపోటు ఉన్న పెద్దవారి గిన్నె వేరుగా తీసి, అప్పుడు మిగతావాటికి ఉప్పు సరిచూడండి. దించే ముందు గుప్పెడు తోటకూరో మునగాకో వేస్తే మంచిది. గిన్నెల్లో పోశాక నిమ్మరసం పిండండి. గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి ఆ పులుపు సాయపడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది, గంట ఆగండి.

సాసేజ్ వద్దనుకొన్నవారు ఉప్పుకండం వాడవచ్చును. వంద గ్రాములు చాలు. వేడినీళ్లలో అరగంట నానవేసి, ఆ ఉప్పునీళ్లు పారబోసి, గింజలతో పాటే మొదటినుంచి ఉడికించాలి. నిజం చెప్పాలంటే మాకు ఆ రుచే ఎక్కువ నచ్చుతుంది. మంటవాసన లాంటిదేదో సూపంతా పాకుతుంది. రాజ్మా దొరకని ఊళ్లో బొబ్బర్లో అనపగింజలో వేసుకోండి. బొబ్బర్లు తొందరగా ఉడుకుతాయి, విషం భయమూ అంత లేదు.

ఈ సూపుకు ఇంకొక సుగుణం ఉన్నది. కాచిన పూట కన్నా మళ్లీ వేడిచేసిన పూట రుచి ఎక్కువ. స్టీల్‌ప్లాంటులోనో పోర్టులోనో షిఫ్టుల్లో పనిచేసేవారున్న మా ఊరి ఇళ్లకు అది చాలా అనుకూలం. సి షిఫ్టు దిగి పొద్దున్నే వచ్చిన మనిషికి అప్పటికప్పుడు వండే పని లేదు. కాని కుండను రాత్రంతా అలాగే గట్టు మీద వదిలేయకండి. ఫ్రిజ్ ఉంటే చల్లారగానే అందులో పెట్టి, మర్నాడు కావలసినంతే తీసి, పొగలు రావడం కాదు, పొంగు వచ్చి రెండు నిమిషాలు మరిగాక వడ్డించండి. ఫ్రిజ్ లేనివాళ్లు రాత్రికి తినగలిగినంతే కాచుకొని, మిగతా గింజల్ని నానబెట్టకుండా డబ్బాలో ఉంచుకోవడం మేలు. మర్నాటికి సూపు గట్టిపడి కూరలా అవుతుంది. నీళ్లు కలపకుండా అలాగే వేడిచేసి వేడి చోడి రొట్టెతో పెట్టండి. ఒక్కొక్కరికి రెండేసి రొట్టెలు లెక్క వేసుకోండి, పిల్లలు మూడోది అడుగుతారు.