ఇంటిలో మృదంగనాదము

ఒక సోదరీమణి మాకిట్లు వ్రాసియున్నారు. వారి మామగారు వయసున నుండగా మృదంగము వాయించెడివారు. ఇప్పుడు చేతులు వణకుటచే వాయింపజాలక, సాయంకాలములందు కచేరీల రికార్డులు వినుచు ప్రొద్దుపుచ్చుచున్నారు. ఆమె కుమారుడు తాతగారి కొరకని రెండు చిన్న స్పీకర్లను, మంద్రస్వరముల కొరకు ప్రత్యేకముగా నొక సబ్‌వూఫరును కొనితెచ్చి హాలులో నమర్చెను. పెద్దాయన పది నిమిషములు విని, "ఇది మృదంగము కాదురా, ఖాళీ డబ్బా" అని లేచిపోయిరట. పిల్లవాడు చిన్నబుచ్చుకొని, ఇంతకంటె పెద్ద పెట్టె కొందమనుచున్నాడు. ఇంటి ఖర్చులలో మిగిల్చి దాచుకొన్న రొక్కము ఆ సోదరి యొద్ద కొంచెము గలదు. దానిని దీనికి వెచ్చింపవచ్చునా యని యామె ప్రశ్న.

తొందరపడవలదని మా సమాధానము. ముందు పెట్టెను జరిపి చూడవలెను. కొనుట తరువాతి మాట. ఏల యట్లనుచున్నామో వివరింతుము. సినిమాలు, పాటలు ఇంటనే వినుట పరిపాటియైన యీ దినములలో నీ సంగతి తక్కిన సోదరీమణులకును పనికివచ్చును.

మృదంగమునకు రెండు ముఖములు గలవు. ఎడమ ముఖమును తొప్పి యందురు. వాయించుటకు ముందు దానికి తడిపిన రవ్వముద్ద నంటింతురు. ఆ బరువుచే చర్మము నెమ్మదిగా కదలి నాదము మంద్రమగును. ఇక ప్రతి దెబ్బయందును రెండు భాగములుండును. చేయి చర్మమును తాకిన క్షణమున పుట్టు చురుకైన శబ్దము మొదటిది. దాని వెన్నంటి గుండెకు తగులునట్లు వచ్చు గంభీరనాదము రెండవది. మొదటిది లేనిచో రెండవది ఉత్త హోరు. రెండవది లేనిచో మొదటిది డబ్బాపై గరిటె కొట్టినట్లుండును. చురుకుదనమును చిన్న స్పీకర్లును, గాంభీర్యమును సబ్‌వూఫరును ఈయవలెను. రెండును ఒక్కసారిగా చెవి చేరినప్పుడే అది దెబ్బయని తోచును.

మనుష్యుని చెవికి సెకండుకు 20 మొదలు 20,000 కంపనముల వరకు వినబడును. ఈ కంపనములనే హెర్ట్జు లందురు. ధ్వని గాలిలో సెకండుకు సుమారు 1,130 అడుగులు పోవును. కావున 1,000 హెర్ట్జుల స్వరముయొక్క అల అడుగునకు కొంచెము మించి యుండగా, 40 హెర్ట్జుల మంద్రస్వరపు అల 28 అడుగుల పొడవుండును. మన గదులో, పది పండ్రెండడుగులవి! అంత పెద్ద అల గదిలో నిముడజాలక గోడనుండి గోడకు కొట్టుకొని, ఒకచోట పోగుపడి, మరియొకచోట అణగిపోవును.

దీనికి చిన్న లెక్క గలదు. 565ను గది పొడవు అడుగులచే భాగింపుడు. పండ్రెండడుగుల గదికి 47 వచ్చును. ఆ 47 హెర్ట్జుల స్వరము ఆ రెండు గోడల చెంత మిక్కిలి బలముగను, గది నట్టనడుమ దాదాపు లేనట్లును వినబడును. పొడవును వెడల్పును సమానమైనచో ఒకే స్వరము రెండు విధముల పోగుపడుటచే హోరు మరింత హెచ్చును. పెద్దాయన కుర్చీ సరిగా హాలు మధ్య నున్నయెడల, పెట్టె యెంత పెద్దదైనను ఆయనకు తొప్పి వినబడకపోవచ్చును. కుర్చీని నడుమనుండి రెండు మూడడుగులు వెనుకకు జరుపుడు. గోడకు మాత్రము ఆనింపవలదు.

పెట్టె నెచ్చట నుంచవలెనో కనుగొనుట కొక సులభోపాయము గలదు. సబ్‌వూఫరును పెద్దాయన కుర్చీమీదనే యుంచి, తని ఆవర్తనము గల రికార్డు పెట్టుడు. పిమ్మట, ముగ్గు పెట్టునప్పటివలె వంగి, చెవిని నేలకు దగ్గరగా నుంచి, పెట్టె నుంచుటకు వీలున్న చోట్లన్నిట తిరిగి వినుడు. ఎచ్చట దెబ్బలు వేటికవి విడివిడిగా, సమముగా వినబడునో, పెట్టెను అచ్చటికి మార్చుడు. ఇచ్చటినుండి అచ్చటికి పోవు ధ్వని యెట్లో, అచ్చటినుండి ఇచ్చటికి వచ్చునదియు నట్లే; అందుచే నీ పరీక్ష చెల్లును. మూలనుంచిన పెట్టెకు గోడల సాయమున బలము హెచ్చునుగాని, ఒక్కొక్కచో హోరును హెచ్చును. కావున వినియే నిర్ణయింపవలెను.

తరువాత పెట్టె వెనుకనున్న మరలు చూడుడు. స్పీకర్లు విడిచి సబ్‌వూఫరు అందుకొను హద్దును 80 హెర్ట్జుల దగ్గర నుంచుట వాడుక. అంతకు క్రిందిస్వరములు ఏ దిక్కునుండి వచ్చుచున్నవో చెవి గుర్తింపజాలదు. హద్దు మిక్కిలి పైనున్నచో గాయకుని కంఠము సోఫా ప్రక్కనుండి వచ్చినట్లుండును. స్పీకర్లు మరీ చిన్నవైనయెడల హద్దును కొంచెము హెచ్చింపక తప్పదు. అప్పుడు పెట్టెను స్పీకర్ల చెంతనే యుంచుడు. ఇంకొక మీటపై 0, 180 అని యుండును. ఒకరు కుర్చీలో కూర్చుండి వినుచుండగా మరియొకరు దానిని అటునిటు మార్చవలెను. ఏ స్థానమున దెబ్బ నిండుగా వినబడునో అదియే సరియైనది. తప్పు స్థానమున స్పీకర్లు గాలిని ముందుకు నెట్టుచుండగా సబ్‌వూఫరు వెనుకకు లాగును. రెండును పరస్పరము చెరుపుకొనును. పలుమార్లు "డబ్బా" చప్పుడునకు కారణ మిదియే.

ధ్వనిని హెచ్చించుటలోను మితము కావలెను. 1933లో అమెరికాయందు ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు తేల్చినదేమన, మెల్లగా పెట్టి వినునప్పుడు మన చెవికి మంద్రస్వరములు తక్కినవాటికంటె మిక్కుటముగా తగ్గిపోవును. కావున రాత్రివేళ మెల్లగా వినునప్పుడు సబ్‌వూఫరును కొంచెము హెచ్చించుట న్యాయమే. పగలు బిగ్గరగా పెట్టినప్పుడు మరల తగ్గింప మరచుటచేతనే ఇల్లంతయు హోరెత్తును.

ఇక పెద్ద పెట్టె మాట. స్వరము సగమునకు దిగినకొలది, అంతే బలమున వినిపించుటకు నాలుగు రెట్లు గాలిని కదల్పవలెను. అందుచే మంద్రమునకు పెద్ద పెట్టె కావలెననుట అబద్ధము కాదు. సినిమాలలోని భూకంపములు, ప్రేలుళ్లు యథాతథముగా వినవలెనన్నచో చిన్నపెట్టె చాలదు. కాని మృదంగమునకు అంత లోతు అవసరము లేదు. అంతేకాక, ధ్వని రెట్టింపైనట్లు చెవికి తోచుటకు యాంప్లిఫయరు శక్తి సుమారు పది రెట్లు కావలెను. చోటు తప్పిన పెట్టె నెంత పెద్దది చేసినను తప్పు పెద్దదగునే కాని దిద్దుబాటు కాదు. అన్నియు సరిచేసిన పిదపయు లోటున్నచో, ఒక మహా పెట్టెకంటె రెండు సాధారణమైన పెట్టెలను ఎదురెదురు గోడల నడుమ నుంచుట మేలు. గదిలోని ఎచ్చుతగ్గు లట్లు తగ్గును.

తలుపులకు మందమైన తెరలు, నేలకు తివాచీ వేసినచో చురుకైన శబ్దముల ప్రతిధ్వని తగ్గి కుడిచేతి వాద్యము శుభ్రపడును. ఎడమచేతి హోరు నవి పీల్చజాలవు. బీరువా తలుపులు, అలమరలోని స్టీలు గిన్నెలు గలగలలాడుచున్నవేమో చూచి నడుమ గుడ్డ లుంచుడు. ఆ గలగలయే సగము నాదమును చెరుపును. మంద్రధ్వని గోడలు దాటి పొరుగింటి చంటిబిడ్డ నిద్రను పాడుచేయును. 2000 సంవత్సరపు ధ్వనికాలుష్య నిబంధనలు రాత్రి పది మొదలు ఉదయ మారువరకు రాత్రికాలమని యేర్పరచినవి. చట్టమటుండగా, పొరుగువారి మన్నన మనకు ముఖ్యము కదా!

తుదకొక మాట. వయసు మీరినకొలది మొదట తగ్గునది తీవ్రస్వరముల వినికిడి. మామగారికి కుడిచేతి చురుకుదనము వినబడకున్నచో ఎడమనాద మెంత హెచ్చించినను హోరే మిగులును. ఇంటివారి మాటలను కూడ వారు మరల మరల అడుగుచున్నారా? అట్లయినచో, సోదరీ, మీరు దాచిన రొక్కమును పెట్టెకు గాక చెవివైద్యునికి చూపించుటకు వెచ్చింపుడు. అట్టి లోపము లేనిచో, మనుమని చేతనే పెట్టెను జరిపింపుడు, తాతగారిని కుర్చీలో కూర్చుండబెట్టి న్యాయనిర్ణేతను చేయుడు. తొప్పి యెట్లు పలుకవలెనో ఆ యింట ఆయనకంటె నెరిగిన వారెవరు? అట్లు చేసినచో ఖర్చు లేకయే పని తీరవచ్చును. పిల్లవాని చిన్నబోయిన మొగమును విప్పారును.