సేవను నడిపే చదువు మాకు కావాలి: అమరచింత ప్రణాళిక

అమరచింత, ఆత్మకూరు, నందిమల్ల చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసే అంగన్‌వాడీ టీచర్లం, ఆశా కార్యకర్తలం, మహిళా సంఘాల పని చూసే వీఓఏలం (గ్రామ సంఘ సహాయకులం), మగ్గాల ఇళ్లలో డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న పిల్లలం కలిసి ఈ ఉద్యమం మొదలుపెడుతున్నాం. మేం అడిగేది ఒక్కటే. ప్రజలకు అందాల్సిన సేవలను నడపడం నేర్పే పీజీ కోర్సు పాలమూరు విశ్వవిద్యాలయం వనపర్తి పీజీ సెంటర్‌లో పెట్టాలి. అది తెలుగులో ఉండాలి. పని మానకుండా చదువుకునే వీలుండాలి.

ఎందుకు కావాలో చెప్పడానికి ఒక్క చావు సంగతి చాలు. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకో ముంబైకో పోయిన మనిషి బిల్డింగ్ మీంచి పడి చనిపోతాడు. శవం ఊరికి వస్తుంది, అంత్యక్రియలు అయిపోతాయి. ఆ తర్వాతి రోజు నుంచి ఆ ఇల్లాలి తిరుగుడు మొదలవుతుంది. 1969 చట్టం ప్రకారం చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు కావాలి కాబట్టి మరణ ధ్రువపత్రం అక్కడి మున్సిపాలిటీ నుంచే రావాలి. పోలీసు కాగితాలు, పోస్టుమార్టం రిపోర్టు మరాఠీలో ఉంటాయి. వితంతు పింఛనుకు ఒక ఆఫీసు, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద వచ్చే 20,000 రూపాయలకు ఇంకో ఆఫీసు, పిల్లల హాస్టల్ సీటుకు మరొకటి.

పని చేస్తూ చనిపోయిన కూలీ కుటుంబానికి నష్టపరిహారం రావాలని 1923 నుంచే చట్టం ఉంది. రెండేళ్లలోపు దావా వేయాలి. దానికోసం ఆమె పుణె పోనక్కర్లేదు, తాను ఉండే చోటే కార్మిక శాఖ దగ్గర వేసుకోవచ్చు. ఈ ఒక్క ముక్క సమయానికి చెప్పే మనిషి లేకనే గడువు దాటిపోతుంది. మొగుడు తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా నువ్వు పనికి రావాలని మేస్త్రీ ఆమెను బలవంతం చేస్తే, అది 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం కిందికి రావచ్చు. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లే కూలీకి నెల కూలిలో సగమో 75 రూపాయలో, ఏది ఎక్కువైతే అది ముందే ఇవ్వాలని 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చెప్పింది. వలసకు పేరుపడ్డ పాలమూరులో ఆ మాట ఎన్ని గడపలు తొక్కింది?

ఇన్ని చట్టాలు, ఇన్ని పథకాలు ఉండీ ఒక్క ఇంటి దగ్గర కలవవు. ఏ ఆఫీసు కాగితం ఆ ఆఫీసుదే. మా నేతగాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకునేలా కలిపే కుప్పడం పని రాకపోతే అంచు అంచే, చీర చీరే. సంక్షేమంలో ఆ కలిపే పని ఎవరి ఉద్యోగమూ కాదు, ఎవరూ నేర్పరు. చావు జరిగిన ఇంటికి మొదట వెళ్లేది మాత్రం మేమే. కన్నీళ్లు తుడిచి తిరిగొస్తాం. అంతకుమించి చేయగలగాలని ఉంది.

సమాజ సేవను చదువుగా నేర్పడం కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లో 1898లో ఒక వేసవి తరగతిగా మొదలైంది. మన దేశంలో 1936లో బొంబాయిలో టాటా వాళ్లు దీనికోసం ఒక కళాశాల పెట్టారు, అదే నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్). మన పాలమూరు విశ్వవిద్యాలయంలోనూ సమాజ సేవలో పీజీ, ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. అయితే ఎంఎస్‌డబ్ల్యూలో సంక్షేమ పాలన సాధారణంగా ఒక పేపరుకే పరిమితం. పైగా సెంటర్‌కు తాళం వేసి రెండేళ్లు మహబూబ్‌నగర్ క్యాంపస్‌లో కూర్చుని చదవడం ఏ అంగన్‌వాడీ టీచర్‌కు సాధ్యం?

పని చేసేవాళ్ల దగ్గరికే చదువు రావాలన్న మాట మన పెద్దలు ఎప్పుడో అన్నారు, చేసి చూపించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు 1953లో తొలి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్ల కోసం 1958లో సంక్షిప్త కోర్సులు పెట్టించారు. పల్లెల్లో పనిచేసే టీచర్లు, నర్సులు, సేవికలు కావాలి, వాళ్లు పల్లెల నుంచే రావాలి అన్నది ఆమె పట్టుదల. ప్రభుత్వ పాలనాశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ జి. రాంరెడ్డి 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టారు. పీజీ తెలుగులో ఎట్లా అని అడిగేవాళ్లు 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టిన ఉస్మానియాను గుర్తు చేసుకోవాలి. డిగ్రీ పుస్తకాలు తెలుగులో తేవడానికి 1968లో తెలుగు అకాడమీ పెట్టుకున్నాం కదా, ఈ చదువుకూ పుస్తకాలు రాయించుకోవచ్చు.

ఇక ఏం చదవాలి? బడ్జెట్ చదవడం, రిజిస్టర్ రాయడమే కాదు, రిజిస్టర్‌లో తప్పు పట్టడం. కింద పనిచేసే మనిషితో గౌరవంగా పని చేయించడం. గ్రామసభలో లెక్క పైకి చదివి జవాబు చెప్పడం. ఇందులో మనకు అనుభవం ఉంది. ఉపాధి హామీ మొదటి విడతలోనే, 2006లో, పాలమూరుకు వచ్చింది. ఆ పనుల సామాజిక తనిఖీ కోసం ఉమ్మడి రాష్ట్రం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. పైసల లెక్క ప్రజల ముందు పెట్టడం అంటే ఏమిటో మన ఊళ్లు చూశాయి. ఆ అనుభవాన్ని పాఠంగా మార్చాలి. ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్ నడిపిన సంఘం ఆడవాళ్లను క్లాసులో కూర్చోబెట్టడం కాదు, వాళ్లచేత క్లాసు చెప్పించాలి.

ఫీల్డ్‌వర్క్ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. నల్లమలలో మన్ననూరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ), చెంచు పెంటలు ఉన్నాయి. గద్వాల వైపు నడిగడ్డలో సీడ్ పత్తి క్రాసింగ్ సీజన్‌లో బడి మానేసే పిల్లలున్నారు. ఆ పొలంలో పిల్లకు కూలి ఇస్తున్నదెవరు, ఆర్గనైజర్ ఎవరు, కంపెనీ ఎవరు, బడి హాజరు ఎవరి బాధ్యత అని ఒక్క సీజన్ వెంటపడి రాసినవాడికి ఏ థియరీ పుస్తకమూ చెప్పనంత తెలుస్తుంది.

చదివితే ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడుగుతారు. అడగాలి కూడా. అంగన్‌వాడీ టీచర్లు సూపర్‌వైజర్లు అయ్యే దారి ఇప్పటికే ఉంది. అలాంటి దారి వీఓఏలకూ, ఆశాలకూ, హాస్టల్ సిబ్బందికీ వేయాలని, ఈ చదువుకు ఆ పోస్టుల్లో విలువ కట్టాలని కొట్లాడతాం. రెండు విషయాల్లో మేం గట్టిగా ఉంటాం. ఇంటర్‌తో ఆగినవాళ్లను బయటపెట్టే కొత్త గేటుగా ఈ కోర్సు మారకూడదు. పదేళ్లు సెంటర్ నడిపిన అనుభవానికి మార్కులుండాలి, వాళ్లకు ముందుగా ఒక సర్టిఫికెట్ కోర్సు ఉండాలి. ఇక, చదువు పేరు చెప్పి మా గౌరవ వేతనం మాటను ఎవరూ పక్కకు నెట్టకూడదు. ఆ పోరాటం ఆగదు.

2016 అక్టోబర్ 11న వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల జిల్లాలయ్యాయి. మూడు కలెక్టరేట్లు వచ్చాయి, శాఖలన్నీ దగ్గరికొచ్చాయి. ఈ ప్రణాళిక ఆ ముగ్గురు కలెక్టర్లకూ, విశ్వవిద్యాలయ ఉపకులపతికీ ఇస్తాం. జవాబు వచ్చేదాకా ఊరికే ఉండం. ఆదివారాలు అమరచింతలోనే చదువు మొదలుపెడుతున్నాం. మొదటి పాఠం 1979 చట్టం. దాని పక్కన గుంపు మేస్త్రీ అడ్వాన్సు కాగితం పెట్టి చదువుతాం. ప్రతి ఒక్కరూ తమ ఊరి ఒక కుటుంబం ఫైలు తీసుకురావాలి, ఆ కుటుంబం ఒప్పుకుంటేనే, పేర్లు కొట్టేసి. సంతకం చేసేవాళ్లు ఊరు, చేసే పని, చదివిన చదువు రాయండి. చదువు మధ్యలో ఆగినవాళ్లు అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా రాయండి. కోర్సు ఎట్లా ఉండాలో విశ్వవిద్యాలయానికి చెప్పేటప్పుడు ఆ కాగితాలే ముందు పెడతాం.