కరెంటు పుట్టే ఊళ్లోనే కరెంటు నిల్వ

వేసవి వచ్చి కరెంటుకు కటకట మొదలైతే చాలు, ఇంకో ప్లాంటు కట్టాలన్న మాటే ముందు వినిపిస్తుంది. 2025 మార్చిలో తెలంగాణ గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటిన మాట నిజమే. కానీ ఎండ ఉన్నంతసేపు సోలార్ ఆదుకుంటూనే ఉంది. చిక్కంతా పొద్దుగూకాకే. సోలార్ సున్నాకు పడిపోతుంది, హైదరాబాద్‌లో ఏసీలు మాత్రం అర్ధరాత్రి దాటినా ఆగవు. మధ్యాహ్నం మిగిలిన కరెంటును ఆ గంటలకు జరపగలిగితే సగం భారం తగ్గుతుంది. ఆ పని చేసేవి భారీ బ్యాటరీ కేంద్రాలు. వాటిలో పెద్ద వాటా రామగుండం ప్రాంతానికి రావాలన్నది నా వాదన. ఇది మా ప్రాంతం మీద మమకారంతో అడుగుతున్నది కాదు, గ్రిడ్ అవసరాన్ని చూసి అడుగుతున్నది.

రామగుండంలోని జ్యోతినగర్ ఎన్టీపీసీ రిజర్వాయర్‌నే చూడండి. 2022 జులై 1 నుంచి అక్కడ 100 మెగావాట్ల నీటి మీది సోలార్ పూర్తిస్థాయిలో నడుస్తోంది. రెండున్నర మెగావాట్ల చొప్పున 40 బ్లాకులు. ఇన్వర్టర్, ట్రాన్స్‌ఫార్మర్ సైతం ఫెర్రోసిమెంట్ తెప్పల మీద తేలుతుంటాయి. ఆ పక్కనే 2,600 మెగావాట్ల పాత బొగ్గు స్టేషన్, దానికి తోడు 1,600 మెగావాట్ల కొత్త తెలంగాణ ప్రాజెక్టు. రాష్ట్రమంతటా సోలార్ పుంజుకునే మధ్యాహ్నం వేళ బొగ్గు యూనిట్లను లోడ్ తగ్గించమంటారు. కేంద్ర నిబంధనల ప్రకారం అవి 55 శాతం దాకా దిగగలగాలి. సాయంత్రం కాగానే మళ్లీ పూర్తి లోడ్‌కు రావాలి. థర్మల్ యూనిట్ కుళాయి కాదు, తిప్పగానే తగ్గి తిప్పగానే పెరగడానికి. రోజూ ఇలా దించి ఎక్కిస్తుంటే బాయిలర్ ట్యూబులు వేడెక్కి, చల్లారి అలిసిపోతాయి. లీకులు పెరుగుతాయి, యూనిట్ ఆగుతుంది. అదే స్విచ్‌యార్డ్ పక్కన బ్యాటరీ ఉంటే మధ్యాహ్నపు మిగులును అది తీసుకుంటుంది, యూనిట్ నిలకడగా నడుస్తుంది. 100 మెగావాట్లు రెండు గంటలు ఇవ్వగల బ్యాటరీ అంటే 2 లక్షల యూనిట్ల కరెంటు. ఒక్కో ఇల్లు ఆ రెండు గంటల్లో 2 యూనిట్లు వాడుతుందనుకుంటే లక్ష ఇళ్లకు సరిపోతుంది.

బ్యాటరీ చేసే రెండో మేలు ఇంకా విలువైనది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నట్టుండి ట్రిప్ అయితే గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది. మిగతా థర్మల్ యూనిట్లు తేరుకుని లోడ్ అందుకోవడానికి కొంత వ్యవధి పడుతుంది, బ్యాటరీ సెకనులో చిన్న భాగంలోనే స్పందిస్తుంది. 2017 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో 560 మెగావాట్ల బొగ్గు యూనిట్ పడిపోయినప్పుడు ఎంతో దూరాన ఉన్న హార్న్స్‌డేల్ బ్యాటరీ వెంటనే కరెంటు అందించి ఈ సంగతి రుజువు చేసింది. 2012 జులైలో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి కోట్లాది మంది చీకట్లో మగ్గిన దేశం మనది. అలాంటి రక్షణ మనకు అదనపు హంగు కాదు.

నగరం కోసమైతే బ్యాటరీ నగరంలోనే పెట్టాలి కదా అని అడగవచ్చు. లోడ్ తట్టుకోలేని సబ్‌స్టేషన్ల దగ్గర చిన్నవి పెట్టాల్సిందే. ఢిల్లీలో కిలోక్రీ సబ్‌స్టేషన్ దగ్గర 20 మెగావాట్ల బ్యాటరీ అలా వచ్చిందే. కానీ ఫ్రీక్వెన్సీ గ్రిడ్ అంతటికీ ఒక్కటే. రామగుండంలో ఇచ్చిన ఊతం హైదరాబాద్‌నూ నిలబెడుతుంది. లైన్లు, స్విచ్‌యార్డ్, నడిపే మనుషులు ఇక్కడ ఇప్పటికే ఉన్నారు. శ్రీశైలం ఎడమగట్టున నీటిని తిరిగి పైకి తోడి నిల్వ చేయగల 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఉండగా బ్యాటరీలెందుకన్నది మరో ప్రశ్న. అవి కృష్ణలో నీళ్లుంటేనే పనిచేస్తాయి, ఆ నీళ్ల మీద రెండు రాష్ట్రాల తగాదా తెగలేదు. మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గోతిలో సింగరేణి ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజీ రావలసిందే. అది ఎక్కువ గంటల అవసరానికి, బ్యాటరీ తక్షణ అవసరానికి. ఖర్చు మాటకొస్తే, 2022లో కేంద్ర సోలార్ సంస్థ సెకీ టెండర్‌లో మెగావాట్‌కు నెలకు 10 లక్షల రూపాయలు దాటిన బ్యాటరీ అద్దె 2025 నాటికి పలు టెండర్లలో రెండు లక్షల దరిదాపులకు దిగింది. నింపి తీసేటప్పుడు దాదాపు 15 శాతం కరెంటు పోతుందన్నదీ నిజమే. అయితే మధ్యాహ్నం చవగ్గా ఉన్న కరెంటులో ఆ వాటా పోయినా, రాత్రి ఎక్స్ఛేంజీలో గరిష్ఠ ధరకు కొనడం కంటే లాభమే.

అగ్గి భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్‌లో బ్యాటరీలు తగలబడి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. ఆ బ్యాటరీలను పేర్చింది పాత పవర్ ప్లాంటు టర్బైన్ భవనంలో. 1971లో మొదలై 2024లో మూతపడిన మన రామగుండం బి-థర్మల్ లాంటి పాత షెడ్లను వాడుకుందామనే ఆలోచన ఎవరికైనా వస్తే మానుకోవడానికి ఈ ఉదంతం చాలు. బ్యాటరీలు ఆరుబయట, విడివిడి కంటెయినర్లలో, మధ్య ఖాళీ వదిలి, బస్తీలకు దూరంగా ఉండాలి. వేడికి త్వరగా అంటుకోని ఐరన్ ఫాస్ఫేట్ రకమే వాడాలి. రక్షణ ఏర్పాట్ల నివేదికను గోదావరిఖని, రామగుండం జనం ముందు పెట్టాలి.

ఉద్యోగాల విషయంలో జనాన్ని మభ్యపెట్టకూడదు. బ్యాటరీ యార్డు నడపడానికి గనికి కావలసినంత మంది అక్కర్లేదు, బొగ్గు ఉద్యోగాలకు అది బదులు కాదు. అందుకే టెండర్ నిబంధనల్లోనే స్థానిక ఐటీఐ పిల్లలకు శిక్షణ, మెయింటెనెన్స్‌లో సింగరేణి కార్మిక కుటుంబాలకు వాటా రాయించుకోవాలి. దశాబ్దాలుగా ఈ నేల బొగ్గు ఇచ్చింది, కరెంటు ఇచ్చింది, బూడిదనూ దుమ్మునూ భరించింది. ఇకముందు తెలంగాణలో పిలిచే ప్రతి భారీ బ్యాటరీ టెండర్‌లోనూ రామగుండానికి చోటు ఉండాలి. దీన్ని మన ఎమ్మెల్యేలు, ఎంపీలు, కార్మిక సంఘాలు ఇప్పుడే గట్టిగా అడగాలి. స్థలాలు ఖరారయ్యాక అడిగి ప్రయోజనం ఉండదు.