పగడాల బీరువా తెరవండి

జువాలజీ చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సముద్ర పరిశోధన అంటే ఓడెక్కి పోవడమేనని, అది మనవల్ల అయ్యే పని కాదని వెనకాడకండి. లోకానికి తెలిసిన పగడపు జాతుల్లో సగానికి పైగా 50 మీటర్లకు మించిన లోతులో బతుకుతాయి. వాటిని పోల్చుకోవడం నేర్పే బడి మ్యూజియం బీరువాలో ఉంది.

కోల్‌కతా వెళ్లండి. విశాఖలో రైలెక్కితే ఒక్క రాత్రి ప్రయాణం. ‘ఇన్వెస్టిగేటర్’ అనే సర్వే ఓడ బంగాళాఖాతంలో, అండమాన్ సముద్రంలో అడుగు నుంచి పైకి లాగిన పగడాలు అక్కడి ఇండియన్ మ్యూజియానికి చేరాయి. ఆ ఓడలో డాక్టరుగా పనిచేసిన ఆల్కాక్ 1898లో రాతి పగడాలను వర్ణించాడు. మెత్తని పగడాల సంగతి 1906లో థామ్సన్, హెండర్సన్ రాశారు. కొత్త జాతికి పేరు పెట్టేటప్పుడు ఆధారంగా చూపిన నమూనాను టైపు అంటారు. తర్వాత ఎవరికి ఏ సందేహం వచ్చినా ఆ ముక్క దగ్గరికే రావాలి. ఫొటో చాలదు.

పని ఎలా ఉంటుందంటారా? మెత్తని పగడపు కొమ్మ నుంచి బియ్యపు గింజంత తుంచి బ్లీచ్‌లో వేస్తే కండ కరిగి, అడుగున తెల్లటి పొడి మిగులుతుంది. కడిగి మైక్రోస్కోపు కింద పెట్టండి. కదుళ్లు, గదలు, పొలుసులు! ఈ సున్నపు రేణువులే స్క్లెరైట్లు. ముఖ్యంగా వీటి ఆకారాన్ని, పరిమాణాన్ని, అమరికను బట్టి జాతిని గుర్తుపడతారు. నూరేళ్లు దాటిన నమూనాల నుంచి కూడా ఇప్పుడు డీఎన్‌ఏ తీస్తున్నారు. మెత్తని పగడాలు కూడా చేరిన, ఎనిమిది స్పర్శకాలుండే పగడాల వంశవృక్షాన్ని మెక్‌ఫాడెన్ అనే శాస్త్రవేత్త బృందం 2022లో రెండు క్రమాలుగా తిరగరాసింది. పాత వర్గీకరణ చాలావరకు చెల్లకుండా పోయింది. మీరు చేయాల్సిన పని ఎంత మిగిలుందో చూశారా!

ఆలస్యానికి వ్యవధి లేదు. హవాయి దగ్గరి ఒక నల్ల పగడం వయసు 4,265 ఏళ్లని రేడియోకార్బన్ తేల్చింది. అలాంటి జీవిని ట్రాల్ వల ఒక్క ఈడ్పుతో విరిచేస్తుంది. మన దేశం 2021లో డీప్ ఓషన్ మిషన్‌కు ఆమోదం తెలిపింది, ఖనిజాల కోసం హిందూ మహాసముద్రపు అడుగు వైపు చూస్తోంది. అక్కడ ఏమేం బతుకుతున్నాయో తెలియకుండా తవ్వితే, ఏం పోయిందో లెక్కే ఉండదు. ఆ లెక్క రాయగలిగే చేతులు మన కాలేజీల్లోంచే రావాలి.

ఆ నమూనాలు చూసేందుకు అనుమతి కోరుతూ ఈ వారమే ఉత్తరం రాయండి. ఒక్క ప్రజాతిని పట్టుకోండి. దాని పాత వర్ణనలన్నీ చదవండి. లేబుల్ మీది స్టేషను నంబరు, లోతు సరిచూడండి. బొమ్మ మీ చేత్తోనే వేయండి. పేరు తప్పని తేలితే, అది ఆల్కాక్ పెట్టిందైనా సరే, రుజువుతో సరిదిద్ది ప్రచురించండి.