సైకిలెక్కితే లేని నొప్పి

మా రెడ్డిగూడెం వైపు మామిడి తోటున్న ఒక పెద్దాయన ఊళ్లోంచి తోటదాకా సైకిలు తొక్కుతాడు, ఏ బాధా లేదు. దిగి నాలుగు చెట్లు దాటాడో లేదో పిక్కలు బరువెక్కి తిమ్మిర్లు మొదలు. చిక్కం పట్టుకుని తలెత్తి కాయ కోయాలంటే మరీను. గట్టు మీద కూలబడి ముందుకు వంగితే కాసేపటికి సర్దుకుంటుంది. ఇంట్లోవాళ్లకు ఇది బద్ధకంలా కనబడింది. కానీ జబ్బు గుట్టంతా ఆ వంగడంలోనే ఉంది. వయసు మీదపడి నడుం దగ్గర వెన్నులో నరాల దారి ఇరుకైతే, వంగినప్పుడు కాస్త వదులవుతుంది, నిటారుగా నిలబడితే బిగుస్తుంది.

ఎమ్మారై తీయించారు. ఒక డాక్టరు ఆపరేషన్ చేయాలన్నాడు, ఇంకొకాయన వద్దన్నాడు. ఇక ఊళ్లో సలహాలకు కరువా? వెన్ను ముట్టుకుంటే మంచం పట్టడమేనని సగం మంది, కోయించుకుంటే పరిగెత్తొచ్చని సగం మంది.

నాకు రెండు మాటలూ ఎక్కవు. అమెరికాలో ఇదే జబ్బుతో ఆపరేషన్‌కు సిద్ధపడ్డ 169 మందిలో కొందరికి ఆపరేషన్, మిగిలినవాళ్లకు ఆరు వారాల ఫిజియోథెరపీ ఇచ్చి చూశారు. 2015లో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్లకు రెండు వర్గాలూ దాదాపు ఒకేలా తేరుకున్నాయి. ఇందులో మెలిక ఏమంటే, ఫిజియోథెరపీ వాళ్లలో సగానికి పైగా ఆనక ఆపరేషన్ చేయించుకున్నారు. వ్యాయామం గెలిచిందని చంకలు గుద్దుకోనక్కర్లేదు, ముందు అది చేసి చూస్తే పోయేదేమీ లేదన్నంతవరకే. వెన్నులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ సంగతి 2014లో 400 మంది మీద తేలింది. ఉత్త మత్తుమందు ఇచ్చినవాళ్ల కంటే ఆరు వారాలకు పెద్ద తేడా లేదు.

ఆపరేషన్‌లో వెన్నుకు రాడ్లూ స్క్రూలూ బిగిస్తామంటే మాత్రం ఎందుకని నిలదీసి అడగాలి. స్వీడన్‌లో 247 మందిని గమనించి 2016లో చెప్పారు: ఇరుకు తీసేయడమే చాలు, బిగింపుతో అదనంగా ఒరిగిందేమీ లేదని.

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట స్పర్శ లేకపోయినా, పాదం వాలిపోతున్నా ఈ లెక్కలేవీ వద్దు. ఆ రోజే పెద్దాసుపత్రికి.

మిగతావాళ్లకు ముందు వ్యాయామమే అంటాను. నెలల తరబడి చేసినా నడక వీధి చివర దాటకపోతే అప్పుడు ఆపరేషన్‌కు వెళ్లడంలో తప్పులేదు. చిక్కంతా ఒకటే. వ్యాయామం నేర్పే మనిషి పల్లెలో దొరకడం గగనం. వారానికి రెండుసార్లు బెజవాడ రమ్మంటే, బస్సు దిగి క్లినిక్కుదాకా ఆ పెద్దాయన నడిచేదెలా?