పాట ఆపినా ఆగని మోత!
కుసుమంచి నుంచి ఓ కుర్రాడి గోడు: "పాట ఆపినా ఆంప్లిఫయర్ డబ్బా గుయ్‌మంటోంది. మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటున్నాడు."

తొందరపడకు గురూ! ఇంట్లో ఎవరైనా హెయిర్ డ్రయ్యర్ సగం వేడిలో పెట్టారేమో చూడు. కొన్నింటిలో డయోడు కరెంటు అలలో సగమే వాడుకుంటుంది. దాంతో 230 వోల్టుల ఏసీలోకి కాస్త డీసీ చొరబడుతుంది. గారెలా గుండ్రంగా ఉండే టొరాయిడల్ కోరుకి గాలి సందు ఉండదాయె! ఒక వోల్టు లోపు డీసీకే అయస్కాంతం నిండిపోయి గుయ్‌మంటుంది. పాత ఈఐ రకం కొంత ఓర్చుకుంటుంది.

డ్రయ్యర్ ఆపగానే మోత ఆగిందా? ట్రాన్స్‌ఫార్మర్ నిర్దోషి! పక్కింటి డ్రయ్యరైతే మాత్రం ఏం పోట్లాడతాం? కెపాసిటర్లు, డయోడ్లతో డీసీ బ్లాకర్ పెట్టించు. మెయిన్స్‌తో పని కనుక తెలిసినవాడి చేతే సుమా!

మోత స్పీకర్లోంచి వస్తోందంటావా, అది ఎర్తింగు గొడవ కావచ్చు. ఆ కథ వేరు.