గంట, పెట్టె, పుస్తకం

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు మేము నలుగురం కూర్చుని చాలాసేపు ఆలోచించాం. పట్టుదల గురించి, ఆశయాల గురించి ప్రతి ఏడూ సభలో పెద్దలు చెబుతూనే ఉంటారు. ఈసారీ చెబుతారు. అందుకని మేము ఆ జోలికి పోకుండా, ఈ గేటు దాటి వెళ్ళాక ఎక్కడ దెబ్బ తిన్నామో అది రాద్దామనుకున్నాం. మాలో ఒకరు టీచరు, ఒకరు బస్సు కండక్టరు, ఒకరు సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తారు, ఒకరికి నరసరావుపేటలో చిన్న సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఊళ్ళు వేరు, సంపాదనలు వేరు. దెబ్బలు మాత్రం అందరికీ ఒకేచోట తగిలాయి. కాలం దగ్గర, కాగితాల దగ్గర, డబ్బు దగ్గర.

విచిత్రం ఏమిటంటే ఈ మూడింటినీ ఎలా చూసుకోవాలో మనకు హాస్టలే నేర్పింది. గంట కొడితే లేచాం, గంట కొడితే చదువుకు కూర్చున్నాం. మనకున్న సమస్తమూ ఒక్క ట్రంకుపెట్టెలో సర్దుకుని తాళం వేసుకున్నాం. బియ్యం ఎన్ని కిలోలు వచ్చాయో, ఎన్ని వండారో, ఎన్ని మిగిలాయో స్టాకు రిజిస్టరులో రాయడం రోజూ చూశాం. అయితే అవన్నీ గవర్నమెంటు వారి క్రమశిక్షణ అనుకున్నాం గాని మన కోసమని అనుకోలేదు. పదో తరగతి అయిన రోజున పెట్టె తీసుకెళ్ళి ఇంట్లో మంచం కిందికి తోసేశాం. దానితోపాటే మిగతా రెండూ పోయాయి.

గంట

హాస్టల్లో తెల్లవారుజామున లేపుతుంటే వాచ్‌మన్‌ను తిట్టుకోనివాడు మాలో లేడు. బయటికి వచ్చాక లేపేవాళ్ళు లేరు. డిగ్రీలో చేరి రూము తీసుకున్న మొదటి ఆరు నెలలు ఎలా పోయాయో మాకే తెలియదు. ఇప్పుడు చేతిలో ఫోను కూడా ఉంది కాబట్టి మీకు ఇంకా కష్టం. రాత్రి పదింటికి ఒక్క వీడియో చూద్దామని తీస్తే పన్నెండు అవుతుంది. పొద్దున చదువు గంట పోయినట్టే.

మేము చెప్పేది చిన్న మాట. రోజంతటికీ టైంటేబుల్ వేసుకోవద్దు. అలాంటివి రంగు స్కెచ్‌లతో గోడకు అంటించి మూడో రోజుకే వదిలేసినవాళ్ళం మేము. రోజులో రెండు గంటల సమయం మాత్రం కదలకుండా పెట్టుకోండి. తెల్లవారుజామున అయిదు నుంచి ఏడు దాకా అయితే మంచిది, ఎందుకంటే అది మీకు ముందే అలవాటైన సమయం. ఆ రెండు గంటలు ఫోను పెట్టెలో ఉండాలి. మిగతా రోజు ఎలా పోయినా ఆ రెండు గంటలు నిలిస్తే ఏడాదికి ఏడు వందల గంటల పైన చదువు అవుతుంది.

ఇంకో మాట, ఇది పూర్వ విద్యార్థులకు. గుంటూరులోనో హైదరాబాదులోనో కోచింగు తీసుకుంటూ నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి కూర్చున్న మిత్రులు మాకు చాలామంది ఉన్నారు. పరీక్షలకు తయారుకావడం తప్పు కాదు, మాలో టీచరైనవాడు అలాగే అయ్యాడు. కానీ గడువు పెట్టుకోవాలి. రెండేళ్ళో మూడేళ్ళో ఇంట్లో చెప్పి, ఆ తర్వాత ఏదో ఒక పని చేసుకుంటూ రాయాలి. మనం చదువుతున్న ప్రతి నెలకూ అక్కడ అమ్మ మిరప కోతకు వెళ్ళి డబ్బు పంపుతోంది. మన కాలానికి వెల కడుతున్నది ఆమె అని మరచిపోకూడదు.

పెట్టె

ఇల్లు సర్దుకోవడం అనగానే బీరువాలు, అలమరలు ఉన్నవాళ్ళ సంగతి అనిపిస్తుంది. మనలో చాలామందికి ఒకటే గది, వాన వస్తే ఓ మూల కారుతుంది. అలాంటి ఇంట్లో సర్దుకోవలసిన మొదటి వస్తువు కాగితాలు. మాలో ఒకరి ఇంటర్ మార్కుల మెమో, టీసీ, కుల ధ్రువపత్రం ఒక ప్లాస్టిక్ కవరులో చుట్టి చూరులో పెట్టారు. ఒక వానాకాలం తర్వాత తీసి చూస్తే అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఆ నెలలోనే ఒక ఉద్యోగానికి సర్టిఫికెట్ల పరిశీలన. డూప్లికేటు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేలోపు తేదీ దాటిపోయింది. మార్కులు ఉన్నాయి, అర్హత ఉంది, కాగితం లేదు. ఉద్యోగం వేరే వాళ్ళకు వెళ్ళింది. ఈ సంగతి చెప్పుకోవడానికి ఇప్పటికీ అతనికి నోరు రాదు, మేమే రాస్తున్నాం.

అందుకే ఆ ట్రంకుపెట్టెను మంచం కిందినుంచి బయటికి లాగండి. ఒక ఫైలు కొని అందులో పదో తరగతి మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు నకలు, బ్యాంకు పాస్‌బుక్కు వరసగా పెట్టండి. ప్రతిదానికీ నాలుగు జిరాక్సులు. ఆదాయ పత్రానికి గడువు ఉంటుంది కాబట్టి దాని తేదీ ఫైలు అట్ట మీద రాసుకోండి. 2015 నుంచి డిజిలాకర్ ఉంది, అందులోనూ పెట్టుకోవచ్చు. ఒరిజినల్స్ ఎవరి దగ్గరా తాకట్టుగా ఉంచవద్దు. ఫీజు బాకీ ఉందని కాలేజీలు ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అమ్మానాన్నల కాగితాలు, పట్టా ఉంటే పట్టా, జాబ్‌కార్డు, పొదుపు సంఘం పుస్తకం కూడా అదే పెట్టెలో చేరాలి. ఇంట్లో చదువుకున్నవాడివి నువ్వే కాబట్టి ఆ పని నీదే.

పుస్తకం

ఇక డబ్బు. ఇక్కడే మేము ఎక్కువ దెబ్బ తిన్నాం కాబట్టి ఎక్కువ రాస్తున్నాం.

మన పల్నాటిలో కూలి డబ్బు ఏడాది పొడుగునా ఒకేలా రాదు. మిరప కోతలప్పుడు రెండు మూడు నెలలు చేతినిండా పని. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాళ్ళ క్వారీల్లో, పిడుగురాళ్ళ సున్నపు బట్టీల్లో పనిచేసేవాళ్ళకూ పని ఉన్న రోజులు, లేని రోజులు ఉంటాయి. డబ్బు వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది, పోయేటప్పుడు రోజూ పోతుంది. పిల్లలు బడికి వెళ్ళే జూన్ నెలకు ఇంట్లో ఏమీ ఉండదు. అప్పుడు వడ్డీకి తెస్తాం.

ఆ వడ్డీ లెక్క ఎప్పుడైనా కాగితం మీద వేశారా? మేము ముప్పై ఏళ్ళు వచ్చేదాకా వేయలేదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. అది నెలకు. అంటే ఏడాదికి 36 శాతం. పదివేలు తెస్తే నెలకు 300, ఏడాదికి 3,600. మూడేళ్ళు కడితే 10,800 వడ్డీకే పోతుంది, అసలు పదివేలు అలాగే ఉంటుంది. ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. రోజుకు పది రూపాయలు దాస్తే ఏడాదికి 3,650. అంటే రోజుకు పది రూపాయలు దాచలేం అనుకునే ఇంట్లోంచే, పదివేల అప్పుకు రోజుకు దాదాపు పది రూపాయలు వడ్డీ కింద పోతోంది. మనం దాస్తూనే ఉన్నాం, కాకపోతే వేరేవాళ్ళ పెట్టెలో దాస్తున్నాం. ఈ ఒక్క లెక్క ప్రతి తమ్ముడూ ఇంటికి వెళ్ళి అమ్మానాన్నలకు వేసి చూపించాలని మా కోరిక.

అమ్మలకు ఇది మనకన్నా ముందే తెలుసు. 1982లో మొదలైన డ్వాక్రా పథకం, ఆ తర్వాత 1990ల్లో ఊరూరా వచ్చిన పొదుపు సంఘాలు రోజుకు రూపాయి దాయడంతోనే నడిచాయి. సంఘానికి అయిదు సూత్రాలు ఉంటాయి. క్రమం తప్పకుండా కూర్చోవడం, క్రమం తప్పకుండా పొదుపు చేయడం, తమలో తాము అప్పు ఇచ్చుకోవడం, వాయిదా ప్రకారం తీర్చడం, పుస్తకం రాయడం. అక్షరం రాని అమ్మలు కూడా వేలిముద్ర వేసి ఈ అయిదూ పాటించారు. డిగ్రీలు చదివిన మేము మాత్రం మొదటి జీతం రాకముందే వాయిదాల మీద బండి కొనడానికి షోరూముకు వెళ్ళాం.

అందుకే ఒక నలభై పేజీల నోటుపుస్తకం కొనమంటున్నాం. ఎడమవైపు వచ్చింది, కుడివైపు పోయింది. టీ కూడా రాయాలి, రీచార్జి కూడా రాయాలి. ఆదివారం పొద్దున పావుగంట కూర్చుని కూడాలి. మొదటి నెల చూసుకుంటే సిగ్గు వేస్తుంది, రెండో నెల జాగ్రత్త వస్తుంది. జీతం వచ్చిన రోజునే, ఖర్చు మొదలుకాకముందే, కొంత పక్కకు తీయాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో మొదలవుతుంది, అయిదేళ్ళ గడువు. 2014లో వచ్చిన జన్‌ధన్ ఖాతాకు కనీస నిల్వ అక్కరలేదు. బ్యాంకు ఖాతా ఉన్న పద్దెనిమిదేళ్ళు నిండినవారికి ఏడాదికి 20 రూపాయలతో రెండు లక్షల ప్రమాద బీమా ఉంది. క్వారీలో, బట్టీలో పనిచేసే నాన్న పేరున ముందు అది కట్టండి. ఇంటికి పంపేది కూడా నెలకింత అని అమ్మకు చెప్పి పంపండి. అడిగినప్పుడల్లా పంపితే మీకూ లెక్క ఉండదు, వాళ్ళకూ ఉండదు.

రెండింటికి మాత్రం దూరంగా ఉండండి. ఒకటి ఫోనులో అయిదు నిమిషాల్లో అప్పు ఇస్తామనే యాప్‌లు. అప్పు ఎవరు ఇస్తున్నారో, మొత్తం ఖర్చు ఎంతో ముందే చెప్పాలని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. చెప్పనివాడు ఎవడైనా సరే, వదిలేయండి. మోసపోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి, దాచుకుని కుమిలిపోవద్దు. రెండోది పందేలు. ఆన్‌లైన్ రమ్మీ, బెట్టింగులను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటి మీదా చట్టం తెచ్చింది. అయినా క్రికెట్టు సీజను వస్తే మన కుర్రాళ్ళ జేబులు ఖాళీ అవుతున్నాయి. కోడిపందెంలో ఓడి మాచర్ల వారు ఏడేళ్ళు వనవాసం వెళ్ళిన కథ మన పల్నాటిలో తెలియనివాడు లేడు. ఆ కథ విని కూడా పందెం వేస్తామా?

అప్పు అసలు చేయవద్దని మేము అనడం లేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో బరోడా స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్ళారు. గడువు అయిపోయి 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరుగా చేరి జీతంలో మిగుల్చుకున్నారు. దానికి కొల్హాపూర్ షాహూ మహారాజు సాయం, ఒక స్నేహితుడి దగ్గర అప్పు కలిపి 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. 1923లో డాక్టరేట్ సాధించారు. ఆ పరిశోధన రూపాయి సమస్య మీదనే. చదువు కోసం చేసిన అప్పు అలాంటిది. ఓణీల ఫంక్షన్‌కు ఫ్లెక్సీలు కట్టడానికి, తిరునాళ్ళలో గొప్ప కోసం, పండక్కి పక్కింటివాళ్ళకంటే ఖరీదైన బట్టల కోసం చేసే అప్పు వేరు.

కొంతమంది మిత్రులు ఇది చదివి కోపగించుకోవచ్చు. పేదవాడికి పొదుపు నీతులు చెప్పడం ఉన్నవాళ్ళ పని కదా అంటారు. నిజమే. మన పేదరికానికి మన అజాగ్రత్త కారణం కాదు. భూమి లేకపోవడం, కూలి చాలకపోవడం, తరాలుగా చదువుకు దూరంగా ఉంచడం కారణం. మెస్ చార్జీలు పెంచమని, స్కాలర్‌షిప్పులు సకాలంలో ఇవ్వమని అడగడం మానకూడదు. కానీ అడిగేవాడి దగ్గర లెక్క ఉండాలి. ఏ నెల స్కాలర్‌షిప్ రాలేదో, ఎంత బాకీ ఉందో తేదీతో సహా రాసిపెట్టుకున్నవాడి అర్జీకి ఉన్న బలం ఊరికే కేకలు వేసేవాడికి ఉండదు. ఎక్కువ ఉన్నవాడు వెయ్యి పోగొట్టుకున్నా నిలబడతాడు, మనకు వంద పోతే నెల తప్పుతుంది. అందుకని లెక్క మనకే ఎక్కువ అవసరం.

తమ్ముళ్ళూ, వచ్చే వార్షికోత్సవానికి మేము తప్పకుండా వస్తాం. ఈలోపు గదికి ఒక లెక్కల పుస్తకం పెట్టుకోండి, పదో తరగతి వాళ్ళందరూ సర్టిఫికెట్ల ఫైలు తయారు చేసుకోండి. వచ్చే ఏడు సభ అయ్యాక మీ ఫైళ్ళు, పుస్తకాలు తెచ్చి మాకు చూపించండి. మా పుస్తకాలు మేమూ తెస్తాం. వాటిలో తప్పులుంటే మీరే దిద్దండి.

మీ అన్నలు,
హాస్టల్ పూర్వ విద్యార్థులు